ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ ఈహెచ్‌టీ బోర్డు: మైక్రోయాంపుల్లో దాగే లోపాలు

జతలో ఒక స్పీకరు గొంతు మెల్లగా తగ్గిపోతుంది. ఒక్కరోజులో తెలిసిపోయే తగ్గుదల కాదు. బ్యాలెన్స్ నాబ్ కాస్త అటు తిప్పి సరిపెట్టుకుంటారు, కొన్నాళ్లకు ఇంకాస్త తిప్పుతారు. తర్వాత ఆంప్లిఫయర్ మీద అనుమానం, కేబుళ్ల మీద అనుమానం, చివరికి ప్యానెలే పోయిందన్న నిర్ధారణ. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లో ప్యానెల్ మార్చడమంటే జేబుకు పెద్ద చిల్లే. అంతదూరం వెళ్లేముందు చూడాల్సింది మెయిన్స్ వైరు లోపలికి వచ్చి కలిసే చోట ఉండే చిన్న బోర్డును. పిక్చర్ ట్యూబ్ టీవీలు బాగుచేసినవాళ్ల భాషలో దాని పేరు ఈహెచ్‌టీ, అంటే ఎక్స్‌ట్రా హై టెన్షన్, అతి ఎక్కువ వోల్టేజి.

ఈ స్పీకర్లో కాయిలూ అయస్కాంతమూ ఉండవు. చిల్లులున్న రెండు స్టేటర్ పలకల మధ్య సన్నని ప్లాస్టిక్ పొర బిగించి ఉంటుంది. ఆ పొర మీద కొన్ని వేల వోల్టుల విద్యుదావేశం నిలబెడతారు. ఆంప్లిఫయర్ నుంచి వచ్చే సంకేతాన్ని ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెంచి పలకలకు ఇస్తుంది, పొర అటూ ఇటూ ఊగుతుంది. పొర మీది వోల్టేజి ఎంతో, ధ్వని అంత. ఆ వోల్టేజి సగానికి పడితే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది, నాలుగో వంతు మాత్రమే తగ్గితే 2.5 డెసిబెల్స్. రెండు స్పీకర్ల మధ్య 2.5 డెసిబెల్స్ తేడా వస్తే పాడేవాళ్లు మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి నిలబడ్డట్టు వినిపిస్తుంది.

పీటర్ వాకర్ రూపకల్పనలో ఇంగ్లండులోని హంటింగ్‌డన్ నుంచి 1957లో వచ్చిన క్వాడ్ కంపెనీ ఈఎస్ఎల్ స్పీకర్లో మంద్ర ప్యానెళ్లకు 6 కిలోవోల్టులు, మధ్యనున్న తారస్థాయి ప్యానెల్‌కు 1.5 కిలోవోల్టులు. 1981లో వచ్చిన ఈఎస్ఎల్-63లో 5.25 కిలోవోల్టులు. అమెరికాలో తయారైన అకూస్టాట్ స్పీకర్లలో 5 కిలోవోల్టులు, 500 మెగాఓమ్‌ల రెసిస్టర్ గుండా. అంకెలు వేరైనా లోపలి అమరిక దాదాపు ఒకటే. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కొన్ని వందల వోల్టుల ఏసీ ఇస్తుంది. డయోడ్లు, కండెన్సర్లు నిచ్చెనలా పేర్చిన మల్టిప్లయర్ దాన్ని మెట్టు మెట్టుగా పెంచుతుంది. చివర ఒక పెద్ద విలువ రెసిస్టర్, దాని తర్వాత పొర. భౌతిక శాస్త్రవేత్తలు కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ 1932లో పరమాణు కేంద్రకాన్ని చీల్చడానికి వాడినదీ ఈ నిచ్చెననే.

టీవీ రిపేరు అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. టీవీ ఈహెచ్‌టీ సెకనుకు 15,625 సార్లు నింపుకుంటుంది కాబట్టి కాస్త లీకేజి ఉన్నా తట్టుకుంటుంది. ఈ బోర్డు నింపుకునేది సెకనుకు 50 సార్లే. ప్యానెల్ బాగుంటే అది తాగే కరెంటు ఒక మైక్రోయాంపు కూడా ఉండదని తెలిసే ఇలా కట్టారు. అందుకే ఐదు మైక్రోయాంపుల లీకేజి కూడా దీన్ని కుంగదీస్తుంది. చాలామంది పొరపడేది ఈ లెక్క దగ్గరే.

చెయ్యి పెట్టేముందు

పెద్ద రెసిస్టర్ దాటాక ఉండే 5 కిలోవోల్టులు ముట్టుకుంటే చురుక్కుమంటుంది, అంతే. 500 మెగాఓమ్‌ల గుండా 10 మైక్రోయాంపులకు మించి రాదు. రెసిస్టర్‌కు ముందు, నిచ్చెన కండెన్సర్లలో నిలవున్న శక్తి గట్టి దెబ్బే కొడుతుంది. ప్రాణం తీయగలిగేవి మాత్రం వేరే రెండున్నాయి. ఒకటి, అదే బోర్డు మీదికి వచ్చే 230 వోల్టుల మెయిన్స్. రెండోది, పక్కనే ఉన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్. ఒకటికి వంద పెంచే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆంప్లిఫయర్ 20 వోల్టులిస్తే అవతల 2,000 వోల్టులు, అదీ ఆంప్లిఫయర్ బలం వెనకున్న కరెంటుతో. ఈహెచ్‌టీ బోర్డు విప్పినప్పుడు ఆంప్లిఫయర్ వైర్లు పీకి పక్కన పెట్టాలి. పాట పెట్టుకుని కొలతలు తీయడం కుదరదు.

నిలవను ఖాళీ చేయడానికి స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం చెడ్డ అలవాటు. ఆ మెరుపుకు డయోడ్లు పోతాయి. 1 మెగాఓమ్ అరవాట్ రెసిస్టర్లు పది వరసగా సోల్డర్ చేసి, వైరింగుకు వాడే పీవీసీ పైపు ముక్కలో దూర్చి, ఒక కొసకు మొసలి క్లిప్పు కట్టుకుంటే చాలు. క్లిప్పు బోర్డు గ్రౌండుకు, రెండో కొస నిచ్చెన చివరికి. అయితే చివర ఒక్కచోట తాకించి ఊరుకోకూడదు. మధ్యలో ఒక డయోడ్ తెగి ఉంటే దాని కిందున్న కండెన్సర్లు పైనుంచి ఖాళీ కావు. లోపమున్న బోర్డు కాబట్టే విప్పారు, తెగిన డయోడ్ ఉండే అవకాశం మెండు. ప్రతి అతుకునూ రెండు మూడు సెకన్లు తాకించాలి. పని చేస్తున్నంతసేపూ క్లిప్పు తగిలించే ఉంచాలి, ఎందుకంటే ఖాళీ అయిన కండెన్సర్‌లో కూడా కాసేపటికి కొంత వోల్టేజి తిరిగి పుడుతుంది.

మీటరు లేకుండా తెలిసేవి

పాట నడుస్తుండగా స్పీకర్ మెయిన్స్ ప్లగ్గు పీకి చూడాలి. ఆంప్లిఫయర్ అలాగే ఉండనివ్వాలి. బాగున్న స్పీకరు నిమిషాల తరబడి పాడుతూనే ఉంటుంది, శబ్దం మెల్లగా సన్నగిల్లుతుంది. నిచ్చెన, ప్యానెల్ కలిపి నిలవుంచేది నాలుగైదు నానోఫారడ్లు అనుకుంటే, ఎక్కడో 1 గిగాఓమ్ లీకేజి ఉన్నా ఆ నిలవ కొద్ది సెకన్లలో కారిపోతుంది. పీకిన వెంటనే గొంతు పడిపోతే లీకేజి ఉన్నట్టే. గొంతు ముందే చిన్నగా ఉండి, పీకాక కూడా చాలాసేపు అలాగే నిలిస్తే లీకేజి కాదు, బోర్డే తక్కువ ఇస్తోంది. ఈ రెండింటి మధ్య తేడాకు ఒక్క స్క్రూ కూడా విప్పనక్కర్లేదు.

టిక్కు టిక్కుమనే చప్పుడుకు కూడా ఒక గుర్తుంది. పాట గట్టిగా పెట్టినప్పుడు మాత్రమే వస్తే అది ఆడియో వైపు నిప్పురవ్వ. పాత క్వాడ్ ఈఎస్ఎల్‌కు ఇవ్వదగ్గ గరిష్ఠ సంకేతం 33 వోల్టుల పీక్ మాత్రమే, దాటితే తార ప్యానెల్‌లో రవ్వ లేస్తుంది. ఇప్పటి వంద వాట్ల ఆంప్లిఫయర్ ఆ గీత తేలిగ్గా దాటేస్తుంది. పాట లేకుండానే నాలుగైదు సెకన్లకొకసారి టిక్కుమంటే మాత్రం అది పొర మీద నిలబెట్టే బయాస్ వోల్టేజి ఎక్కడో దూకడం. ప్యానెల్‌లో దుమ్ము పోగు, చిన్న పురుగు, బోర్డు మీద మాడిన గీత, ఏదైనా కావచ్చు. మన ఇళ్లలో అయితే వెచ్చదనానికి వెనక మూతలో చేరిన బల్లిని కూడా లెక్కలో పెట్టుకోవాలి.

పాత క్వాడ్‌లో ఇంకో సౌకర్యముంది. తార ప్యానెల్‌కు వెళ్లే 1.5 కిలోవోల్టులు నిచ్చెన కింది భాగం నుంచే తీస్తారు. మంద్రం బలహీనపడి తారస్థాయి అలాగే ఉంటే లోపం నిచ్చెన పై భాగంలోనో మంద్ర ప్యానెళ్లలోనో ఉంటుంది. రెండూ కలిసి తగ్గితే ట్రాన్స్‌ఫార్మర్‌నో మొదటి మెట్టునో చూడాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ రెండు వైర్లు తారుమారైతే 1.5 కిలోవోల్టుల ప్యానెల్ మీద 6 కిలోవోల్టులు పడి, ప్యానెల్ అక్కడికక్కడే కాలిపోతుంది. విప్పకముందే వైర్లకు రంగు టేపు చుట్టడం మంచిది.

ఈఎస్ఎల్-63 బోర్డు మీద చిన్న నియాన్ దీపం ఉంటుంది. పొరకు వెళ్లే కరెంటే దాన్ని మిణుక్కుమనిపిస్తుంది. ఆన్ చేసిన కొత్తలో వేగంగా మిణుక్కుమంటుంది, పొర నిండేకొద్దీ నెమ్మదిస్తుంది. గంటలు గడిచినా వేగం తగ్గకపోతే లీకేజి. అసలు వెలగకపోతే ఈహెచ్‌టీ రావడం లేదు, లేదా నియానే ముసలిదైంది.

వీటన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష బోర్డుల మార్పిడి. ఎడమ బోర్డు కుడికి, కుడి బోర్డు ఎడమకు. లోపం బోర్డుతోపాటు అటు వెళ్లిందా, ప్యానెల్‌తో ఇక్కడే ఉందా అన్నది వెంటనే తేలుతుంది. జతలో రెండూ ఒకే వయసువి కాబట్టి రెండూ కొంత బలహీనపడి ఉండొచ్చు, అది ఈ పరీక్షకు అందదు.

కొలిచే పరికరమే బరువు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ 370 వోల్టులు. దాని పీక్ 523. నిచ్చెన ఒక్కో మెట్టు అందుకు రెట్టింపు, అంటే 1,046 వోల్టులు పెంచుతుంది. ఐదు మెట్లకు 5,232 వోల్టులు. కండెన్సర్లన్నీ 10 నానోఫారడ్లు, మెయిన్స్ 50 హెర్ట్జ్.

ఈ చివర మామూలు మల్టీమీటర్ పెడితే ఏమవుతుంది? మీటరు వెయ్యి వోల్టులు దాటి తట్టుకోదన్న సంగతి అటుంచి, దాని 10 మెగాఓమ్‌లు ఈ బోర్డు దృష్టిలో షార్టుతో సమానం. హైవోల్టేజి ప్రోబు కావాలి. ప్రోబుల్లోనూ తేడాలున్నాయి. 40 కిలోవోల్టుల ప్రోబులో సాధారణంగా 1,000 మెగాఓమ్‌లు ఉంటాయి. 6 కిలోవోల్టుల చిన్న ప్రోబులో 75 మెగాఓమ్‌లే ఉండటం కద్దు.

నిచ్చెన నుంచి కరెంటు లాగితే పడే వోల్టేజికి ఒక సూత్రముంది. కరెంటును, మెయిన్స్ ఫ్రీక్వెన్సీ కండెన్సర్ విలువల లబ్ధంతో భాగించాలి. మన ఉదాహరణలో ఒక మైక్రోయాంపుకు అది 2 వోల్టులు. దాన్ని మెట్ల సంఖ్యను బట్టి వచ్చే గుణకంతో హెచ్చించాలి. ఒక మెట్టుకు గుణకం 1, రెండింటికి 7, మూడింటికి 22, నాలుగింటికి 50, ఐదింటికి 95. అంటే ఐదో మెట్టు దగ్గర మైక్రోయాంపుకు 190 వోల్టులు పడిపోతాయి. 1,000 మెగాఓమ్‌ల ప్రోబు అక్కడ నాలుగున్నర మైక్రోయాంపులు లాగుతుంది. ఏ లోపమూ లేని ఈ బోర్డు మీద ఆ ప్రోబు మెట్టు మెట్టుకూ చూపించేవి ఇవి: 1,040, 2,060, 3,010, 3,800, 4,400. చిన్న 75 మెగాఓమ్‌ల ప్రోబైతే చివర 1,500 దగ్గరే చూపిస్తుంది.

4,400 చూసినవాళ్లు 800 వోల్టులు తగ్గాయనుకుంటారు. పై రెండు మెట్లు పొట్టిగా కనిపిస్తాయి కాబట్టి అక్కడి డయోడ్లు, కండెన్సర్లు మార్చేస్తారు. మార్చాక మళ్లీ 4,400 వస్తుంది. నిజానికి బోర్డులో తప్పేమీ లేదు, ఆ 800 వోల్టులను మింగింది ప్రోబే. దీనికి విరుగుడు, మొదటి మెట్టు కొలతను నమ్మడం. అక్కడ ప్రోబు ప్రభావం రెండు వోల్టులకు మించదు. దాన్ని ఐదుతో హెచ్చిస్తే ఖాళీగా ఉన్నప్పటి చివరి వోల్టేజి వస్తుంది. మిగతా మెట్లు పైన చెప్పిన క్రమంలోనే తగ్గుతూ పోతే నిచ్చెన ఆరోగ్యంగా ఉన్నట్టు. అవతలి స్పీకర్ బోర్డును కూడా అదే ప్రోబుతో, అదే పూట కొలిచి పక్కపక్కన రాసుకుంటే ఇంకా మేలు.

పెద్ద రెసిస్టర్ దాటాక కొలిస్తే ఇంకో పొరపాటు వచ్చి చేరుతుంది. 500 మెగాఓమ్‌ల తర్వాత 1,000 మెగాఓమ్‌ల ప్రోబు పెడితే, నిచ్చెన కుంగకపోయినా, 5,000 వోల్టులు 3,330గా కనిపిస్తాయి. ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లలోనూ ఇదే తంతు. స్టాక్స్ కంపెనీ హెడ్‌ఫోన్ల ప్రో బయాస్ 580 వోల్టులు. 4.7 మెగాఓమ్‌ల రెసిస్టర్ దాటాక మామూలు మల్టీమీటర్‌తో కొలిస్తే 395 చూపిస్తుంది, బయాస్ పోయిందని కంగారు మొదలవుతుంది.

మెట్ల అంకెలు ఏం చెబుతాయి

కొలత తీసేముందు ట్రాన్స్‌ఫార్మర్‌ను విడిగా చూసుకోవాలి. సెకండరీ వైర్లు నిచ్చెన నుంచి విడదీసి ఏసీ వోల్టేజి కొలవాలి. 750 వోల్టుల ఏసీ రేంజి ఉన్న మీటరు సరిపోతుంది. అనుకున్నదానికన్నా బాగా తక్కువ వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ పది నిమిషాల్లో వేడెక్కితే లోపల చుట్లు కలిసిపోయినట్టు. ఇది తాగేది కొద్ది వాట్లే కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు గోరువెచ్చనకు మించకూడదు. ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బుతోనూ తేల్చుకోవచ్చు. 15 వాట్ల బల్బు గుండా కలిపినప్పుడు బల్బు ఎర్రబడకూడదు.

అమెరికా నుంచి సామానుతో తెచ్చుకున్న స్పీకర్లలో ఇక్కడే కథ ముగిసేవి కొన్నుంటాయి. 120 వోల్టుల ప్రైమరీని 230 వోల్టుల ప్లగ్గులో పెడితే సన్న తీగ చుట్ట క్షణాల్లో తెగుతుంది. ప్రైమరీ రెండు చుట్టలుగా ఉన్న మోడళ్లలో వాటిని వరసగా కలిపి 230కి మార్చుకోవచ్చు. లేనివాటికి చిన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు. 60 హెర్ట్జ్‌కు బదులు 50 కావడం వల్ల నిచ్చెన కాస్త మెత్తబడుతుంది కానీ, లీకేజి లేని ప్యానెల్‌తో ఆ తేడా వినిపించదు.

ట్రాన్స్‌ఫార్మర్ బాగుంటే ఇక మెట్ల లెక్క. ఒక్కో రకం లోపం ఒక్కో ముద్ర వేస్తుంది. ఒక మెట్టు అసలు పెరగకుండా, దాని పై మెట్లు కూడా అక్కడే ఆగిపోయి, కింది మెట్లు కుంగితే, ఆ పెరగని మెట్టులో డీసీ వైపు (ఆవేశాన్ని నిలవుంచే వరసలోని) కండెన్సర్ షార్ట్ అయి ఉండొచ్చు. మూడో మెట్టు దాకా సరిగా వచ్చి అక్కడినుంచి చివరిదాకా అదే అంకె నిలిచిపోతే, నాలుగో మెట్టుకు ఏసీ అందించే కండెన్సర్ తెగింది. అప్పుడు పై డయోడ్లు ఉత్త దారిగా మిగులుతాయి, వోల్టేజిని మోస్తాయి గానీ పెంచవు. ప్రోబు పెట్టగానే ఒక అంకె కనిపించి, చూస్తూ ఉండగానే సున్నా వైపు జారిపోతే, ఆ చోటుకు కింద ఎక్కడో డయోడ్ తెగింది. నిలవున్నది ప్రోబు తాగేస్తోంది, కిందినుంచి కొత్తగా రావడం లేదు. డయోడ్ షార్టయితే ఏసీ, డీసీ వైపులు కలిసిపోతాయి కాబట్టి కింది మెట్లు కూడా కుంగుతాయి.

డయోడ్లు పరీక్షించడంలో ఒక తిరకాసుంది. 1ఎన్4007 లాంటి ఒంటి డయోడ్ మీటరులో 0.5 నుంచి 0.6 వోల్టులు చూపిస్తుంది. నాలుగైదు కిలోవోల్టుల హైవోల్టేజి డయోడ్లలో జంక్షన్లు అనేకం వరసగా ఉంటాయి. మీటరు ఇచ్చే మూడు వోల్టులకు అవి తెరుచుకోవు, రెండు వైపులా ఓపెన్ చూపిస్తాయి. మంచి డయోడ్లను చెత్తబుట్టలో వేయకముందు 24 వోల్టుల డీసీ, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ వరసగా పెట్టి కరెంటు పోతోందో లేదో చూడాలి. తొలితరం క్వాడ్‌లలో సెలీనియం రెక్టిఫయర్లుంటే పరీక్షల జోలికే పోనక్కర్లేదు. వయసుతో వాటి నిరోధం పెరగడం ఖాయం, మార్చేయడమే.

పెద్ద రెసిస్టర్ సంగతి

500 మెగాఓమ్‌లను కొలవగల మల్టీమీటర్లు అరుదు. చాలావాటి రేంజి 40, 60 మెగాఓమ్‌ల దగ్గర ఆగిపోతుంది. అయినా కొలవడానికి 9 వోల్టుల బ్యాటరీ ఒక్కటి చాలు. బ్యాటరీ ప్లస్ రెసిస్టర్ ఒక కొసకు, రెసిస్టర్ రెండో కొస మీటరు ఎర్ర వైరుకు, నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కు. మీటరు డీసీ వోల్టుల్లో ఉండాలి. మీటరు సొంత నిరోధం 10 మెగాఓమ్‌లు కాబట్టి 9 వోల్టుల్లో 510కి 10 వంతు, అంటే 0.176 వోల్టు కనిపిస్తే రెసిస్టర్ సరిగ్గా 500. 0.089 కనిపిస్తే అది 1,000కి ఎక్కింది. సున్నా అయితే తెగింది. ఇందులో రెండు జాగ్రత్తలు. కొన్ని మీటర్ల మిల్లీవోల్ట్ రేంజిలో లోపలి నిరోధం 10 మెగాఓమ్‌లు ఉండదు, వోల్టుల రేంజిలోనే బిగించి ఉంచాలి. రెసిస్టర్‌ను వేళ్లతో పట్టుకుంటే చర్మం గుండా వెళ్లే దారే కొలతలోకి వస్తుంది.

తెగిన రెసిస్టర్ స్థానంలో దొరికిందేదో పెట్టేయడం కనిపిస్తూ ఉంటుంది. 1 మెగాఓమ్ పెట్టినా స్పీకరు పాడుతుంది, నిజమే. అయితే పొర మీది ఆవేశం కదలకుండా పట్టి ఉంచేది ఆ పెద్ద విలువే. చిన్నదైతే మంద్రంలో ఆవేశం అటూ ఇటూ పారి వక్రీకరణ పెరుగుతుంది. పైగా ప్యానెల్‌లో ఒక్క రవ్వ లేచిందంటే నిచ్చెన నిలవంతా ఆ చుక్క దగ్గరే ఒలికి పొర మీద చిల్లు పడుతుంది. రవ్వ లేచిన ఆ క్షణం రెసిస్టర్ మీద మొత్తం 5 కిలోవోల్టులూ నిలబడతాయి. మామూలు పావువాట్ రెసిస్టర్ తట్టుకునేది 250 వోల్టుల వరకే. హైవోల్టేజి రకం దొరక్కపోతే 10 మెగాఓమ్‌లవి ఇరవైకి తగ్గకుండా వరసగా పెట్టాలి.

లీకేజి వేట

బోర్డు విడిగా బాగుండి, ప్యానెల్ తగిలించగానే కుంగితే ప్యానెల్ ఎంత తాగుతోందో కొలవాలి. ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ మధ్య కొస ఈహెచ్‌టీ గ్రౌండుకు కలిసే వైరును తెంచి, ఆ ఖాళీలో 1 మెగాఓమ్ రెసిస్టర్ సోల్డర్ చేయాలి. దాని మీద మల్టీమీటర్ పెడితే ప్రతి మైక్రోయాంపుకూ 0.91 వోల్టు చూపిస్తుంది. రెసిస్టర్ లేకుండా మీటరునే మధ్యలో పెట్టకూడదు. వైరు ఊడిందంటే ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం వేల వోల్టులకు లేస్తుంది. మధ్య కొస ఇంకెక్కడైనా చాసిస్‌కు కలిసి ఉంటే ఈ కొలత పనికిరాదు, ముందు అది చూసుకోవాలి. ఆన్ చేయగానే అంకె ఎక్కువగా ఉండి, పొర నిండేకొద్దీ అరవోల్టుకన్నా కిందికి దిగాలి. గంట తర్వాత కూడా నాలుగైదు వోల్టులుంటే ప్యానెల్‌నే శుభ్రం చేయాలి, బోర్డును వదిలేయాలి.

బోర్డు మీద లీకేజికి కారణం చాలాసార్లు దుమ్మూ తేమా. హైవోల్టేజి దుమ్మును పిలిచి మరీ అంటించుకుంటుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఆ దుమ్ములో ఉప్పు కూడా ఉంటుంది, వానాకాలంలో అది చెమ్మ పీల్చుకుని దారవుతుంది. ఎండాకాలం బాగా పాడి ఆషాఢంలో గొంతు పడిపోయే స్పీకర్‌కు విడిభాగాలు మార్చక్కర్లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్ పెట్టి రెండుసార్లు కడిగి, హెయిర్ డ్రయర్ తక్కువ వేడితో అరగంట ఆరబెట్టి మళ్లీ చూడాలి. పాత సోల్డరింగ్ పేస్టు మరకలు కూడా ఇలాగే కారతాయి. నల్లగా మాడిన గీత కనిపిస్తే మాత్రం కడిగితే పోదు. మాడిన బోర్డు బొగ్గే, బొగ్గు కరెంటును మోస్తుంది. తెల్లని పదార్థం కనిపించేదాకా గీకేయాలి, లేదా అక్కడ చిల్లు వేసేయాలి.

చీకటి గదిలో బోర్డు ఆన్ చేసి కళ్లు అలవాటు పడేదాకా ఆగితే, కారే చోట నీలి మెరుపు కనిపిస్తుంది. సన్నని సుయ్ మనే శబ్దం, ఓజోన్ వాసన ఉంటాయి. మొనదేలిన సోల్డర్ అతుకులే దీనికి నెలవు. మామూలు బోర్డు మీద పొదుపుగా సోల్డర్ వేయడం మంచి పనితనం. ఇక్కడ మాత్రం కాలు కత్తిరించిన మొన మునిగేలా గుండ్రని ఉండలా వేయాలి.

మార్చేటప్పుడు

ఒక కండెన్సర్ పోయిన నిచ్చెనలో మిగతావి కూడా అదే వయసువి. ఐదు మెట్ల బోర్డుకు పది డయోడ్లు, పది కండెన్సర్లు. మళ్లీ మళ్లీ విప్పే శ్రమతో పోలిస్తే అన్నీ ఒకేసారి మార్చడమే చవక. మన ఉదాహరణలో ప్రతి డయోడ్ మీదా 1,046 వోల్టులు వెనక్కి పడతాయి. వెయ్యి వోల్టుల 1ఎన్4007 ఒక్కటే చాలదు. రెండు వరసగా పెట్టాలి, లేదా 3 కిలోవోల్టుల డయోడ్ వాడాలి. కండెన్సర్లకు 10 నానోఫారడ్ల 2 కిలోవోల్టుల పాలీప్రొపిలీన్ రకం మేలు. పిక్చర్ ట్యూబ్ టీవీల హారిజాంటల్ సెక్షన్‌లో వాడిన 1.6, 2 కిలోవోల్టుల కండెన్సర్లు ఇవే కోవ. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి పాత విడిభాగాల బజార్లలో వెతకదగ్గవి. చౌక సిరామిక్ డిస్కులు వోల్టేజి పడగానే విలువ తగ్గిపోతాయి, పేరుకు పది నానోఫారడ్లైనా పనిచేసేటప్పుడు అంత ఉండవు.

పెద్ద కండెన్సర్ పెడితే ఇంకా గట్టిగా నిలబడుతుందన్న ఆశ సహజం. 22 నానోఫారడ్లు పెడితే కుంగుదల సగానికి తగ్గుతుంది, అక్కడితో ఆగాలి. 100 పెడితే నిలవుండే శక్తి పదింతలై అర జూల్ దగ్గరికి చేరుతుంది, అంటుకున్న చేతికైనా రవ్వ లేచిన ప్యానెల్‌కైనా అంత మంచిది కాదు. మెయిన్స్ హెచ్చుతగ్గులను కూడా మర్చిపోకూడదు. రెగ్యులేషన్ లేని ఈ బోర్డు 200 వోల్టుల దగ్గర 4,550, 250 దగ్గర 5,690 ఇస్తుంది. సాయంత్రం పూట గొంతు తగ్గి రాత్రి పదకొండు తర్వాత టిక్కుమనే స్పీకర్‌కు కావాల్సింది స్టెబిలైజర్.

పైపూత చివరి పని. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సీలెంట్ వద్దు, అందులోంచి వెలువడే ఆమ్లం రాగిని తినేస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకం, ఆక్రిలిక్ స్ప్రే, కరిగించిన పారఫిన్ మైనం, వీటిలో ఏదైనా సరే. తేమతో ఉన్న బోర్డు మీద పూత వేస్తే ఆ తేమను లోపలే బంధించినట్టవుతుంది. అందుకని బోర్డును పూత లేకుండా ఒక రోజంతా ఆన్‌లో ఉంచి, మర్నాడు మెయిన్స్ వోల్టేజి చూసుకుని, అదే ప్రోబుతో ఐదు మెట్లూ మళ్లీ కొలవాలి. నిన్నటి అంకెలే వస్తే పూత వేసి, ఆరాక బిగించాలి. ఆ ఐదు అంకెలు, ప్రోబు నిరోధం, ఆ పూట మెయిన్స్ వోల్టేజి, తేదీ ఒక కాగితం మీద రాసి వెనక మూత లోపల అంటిస్తే, ఐదారేళ్ల తర్వాత మళ్లీ విప్పేవాళ్లకు పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.